బార్ సబ్బు తలంటు

భుయ్యాడీహ్, జంషెడ్పూరు
8-1-1982

అమ్మా పద్మా,

ముందుగా నా రాతకి మన్నించాలి. కోడి గీకినట్టుంటుంది. తప్పులు కూడా చాలా ఉంటాయి, కూడబలుక్కొని చదువుకో. మా ఊరి బడిలో నాలుగు వరకే చదివాను. ఇన్నేళ్ళూ మీ అత్త చెబుతుంటే పక్కింటి గౌరీదేవి నీకు ఉత్తరాలు రాసేది. ఈ ఉత్తరం ఆమె చేత రాయించడానికి వీలులేక నేనే రాస్తున్నాను.

మీ అత్త చిలకమ్మకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కొత్త ఉద్యోగంలో ఉన్నావు, కంగారుపడతావని రాయలేదు. ఇప్పుడు లేచి కూర్చుంటోంది. నువ్వు రానక్కరలేదు.

అడగవలసింది వేరే ఉంది. జ్వరం తగ్గాక పథ్యం పెట్టేముందు తలకి పోయాలి కదా. పోయడం అయింది. ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు అప్పటికి అయిపోయాయి. ఇంట్లో డ్యూటీ బట్టలు ఉతికే బార్ సబ్బు, బట్టల సోడా ఉన్నాయి. వాటితో అయింది. మర్నాడు తువ్వాలు విప్పి చూస్తే జుట్టంతా ఒకటే ముద్ద. తాటికాయంత ఉంది. దువ్వెన దిగదు. వేలు కూడా దిగదు. మీ అత్త జుట్టు ఎలాంటిదో నీకు తెలుసు. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో దాన్ని పట్టుకొని నిద్రపోయేదానివి.

బస్తీ అంతా వచ్చి చూసింది. నది ఒడ్డున అమ్మవారి పాక చూసుకునే అప్పలసూరి కూడా వచ్చాడు. మన శ్రీకాకుళం వాడే, నీకు గుర్తుండాలి. జడ కట్టింది, అమ్మోరి గురుతు కావచ్చు, కొన్నాళ్ళు దువ్వెన పెట్టకుండా ఒంటిపూట తిని చూడమన్నాడు. ఏదైనా మొక్కు మరిచిపోయావా అని అడిగాడు. మీ అత్త రోజంతా ఆలోచించి ఒకటి కనిపెట్టింది. నువ్వు బీయస్సీ పాసైతే అమ్మవారికి చీర పెడతానని మొక్కి మరిచిపోయిందట. అప్పటినుంచి తల వంచుకొని కూర్చుంటోంది. ఒంటిపూటే తింటోంది. జ్వరం పడి లేచిన ఒళ్ళు.

నువ్వు సబ్బుల కంపెనీ లేబొరేటరీలో పనిచేస్తున్నావు. బార్ సబ్బుకి జుట్టు ఇలా అవుతుందా? లేక అమ్మవారేనా? అమ్మవారైతే నాకు కొంచెం నయంగా ఉంటుంది.

జవాబు తొందరగా రాయి.

మీ మావయ్య
తవిటయ్య


హైదరాబాదు
16-1-1982

మావయ్యా,

నీ చేతివ్రాత చూసి ముందు భయపడ్డాను, చదివాక కోపం వచ్చింది. అత్తకి టైఫాయిడ్ వస్తే నాకు చెప్పకూడదా? హాస్టల్ మెట్ల మీదే కూర్చుని చదివాను. నా ముఖం చూసి వార్డెన్ గారు ఎవరైనా పోయారా అని అడిగారు.

నీకు నయంగా ఉండేట్టు రాయలేను. అది అమ్మవారి పని కాదు మావయ్యా, సబ్బు పనే.

చెబుతాను విను, అత్తకి కూడా చదివి వినిపించు. సబ్బులో ఒక్కొక్క రేణువుకీ తలా తోకా ఉంటాయనుకో. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకకి జిడ్డంటే ఇష్టం. జిడ్డుచుక్క కనిపిస్తే తోకలన్నీ వెళ్ళి దాంట్లో గుచ్చుకుంటాయి, తలలు నీళ్ళ వైపు ఉండిపోతాయి. మన వీధిలో చలిమంట చుట్టూ కూర్చుంటారు చూడు, ముఖాలు మంట వైపు, వీపులు చలి వైపు. అలాగన్నమాట. అప్పుడు నీళ్ళు పోస్తే జిడ్డుచుక్క వాటితో కొట్టుకుపోతుంది. నీ డ్యూటీ బట్టలకి అది మంచిదే. కానీ తలకి కాస్త జిడ్డుండాలి, ఒక వెంట్రుక ఇంకో వెంట్రుక మీద జారేది దానివల్లే. బట్టల సబ్బూ సోడా దాన్ని పూర్తిగా ఊడ్చేస్తాయి.

ఇంకొకటి. వెంట్రుక నున్నగా కనిపిస్తుంది గానీ, దాని మీద ఇంటికప్పు పెంకుల్లాగా పొలుసులుంటాయి. అన్నీ కొస వైపు వాలి ఉంటాయి. సోడా తగిలితే అవి పైకి లేస్తాయి. అలాంటప్పుడు జుట్టంతా నెత్తిన పోగుపెట్టి అటూ ఇటూ రుద్దితే, ఒకదాని పొలుసుల్లో ఇంకొకటి చిక్కుకుంటుంది. ముందుకు పోతుంది గానీ వెనక్కి రాదు. గొర్రెబొచ్చుని సబ్బునీళ్ళతో తొక్కి దట్టమైన కంబళి చేస్తారే, అదే పని. దానికితోడు జ్వరంలో అన్నాళ్ళు దువ్వకుండా పడుకుంది. పైగా మన చాపాకల్ నీళ్ళు, చేతిబోరింగువి. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికేది కాదని అత్త రోజూ కుళాయి పంపునీళ్ళకి పంపించేది, గుర్తుందా? అందులో ఉన్న సున్నం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి అవుతుంది, వెంట్రుకల మధ్య జిగురులా కూర్చుంటుంది. కుంకుడుకాయతో ఈ బాధ లేదు. నురగ తక్కువే, కానీ సున్నంతో మడ్డి కట్టదు. దాని రసం కాస్త పులుపు కాబట్టి పొలుసుల్ని కూడా లేపదు.

నాకు ఒకటే ఆశ్చర్యం. అంత జుట్టున్న మనిషికి, బట్టలు ఉతికినట్టు బార్ సబ్బుతో తలంటు పోసింది ఎవరు? గౌరీదేవి పిన్నే అయి ఉంటుంది. చదువుకున్న మనిషి, సాక్చీ బజారులో రీఠా పేరుతో కుంకుడుకాయలు దొరుకుతాయని తెలియదా? నేను చాలా కోపంగా ఉన్నానని చెప్పు. ఇంతకన్నా పోయకుండా ఉంటే బాగుండేది.

ఇక చేయవలసింది సులభం. కత్తెర తీసుకొని ఆ ముద్ద కత్తిరించేయండి. వెంట్రుకకి ప్రాణం లేదు, మళ్ళీ పెరుగుతుంది. మొక్కు సంగతి అత్తకి చెప్పు, నా పరీక్ష నేను చదివి పాసయ్యాను. అయినా చీర నేనే కొని పంపుతాను. రెండుపూటలా తినమను.

నీ
పద్మ


భుయ్యాడీహ్
25-1-1982

అమ్మా పద్మా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్త చేతికి వెళ్ళింది. నేను కిరసనాయిలు లైనులో ఉన్నాను. గౌరీదేవి గంజి తెచ్చిందట. మీ అత్త చదవమంది. చదివింది. చలిమంట పోలిక వచ్చిన చోట ఇద్దరూ నవ్వుకున్నారట. తన పేరు వచ్చిన చోట కూడా గౌరీదేవి ఆపకుండా గట్టిగానే చదివిందట. అంతా అయ్యాక మడతపెట్టి ఇచ్చి, "నాను పొయ్యలేదు వదినా. ఆ రోజు నాను బిర్సానగర్‌లో మా సెల్లి ఇంటికాడ ఉన్నాను. నువ్వే పోసుకున్నావనుకున్నాను" అందట. గంజిగిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. జ్వరం రోజులన్నీ మీ అత్త ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది ఆమే. నేను వీధిలో ఎదురుపడితే కొంగు సర్దుకొని పక్కకి తిరుగుతోంది.

నేను ఇంటికి వచ్చేసరికి మీ అత్త గోడకి ఆనుకొని కూర్చుంది. ముఖం వేరేగా ఉంది. నాతో అంది:

"గౌరి పొయ్యలేదంట. నాను పోసుకోలేదు. నాకు తెలివి లేదు గానీ ఒకటి గేపకముంది. అమ్మా, అమ్మా అని పిలిసాను. అప్పుడు నెత్తి మీద ఎచ్చటి నీళ్ళు పడ్డాయి. మరెవులు పోసుంటారు?"

నేను కిరసనాయిలు డబ్బా మూల పెట్టి బయటికి వచ్చేశాను.

పద్మా, ఆ నీళ్ళు పోసింది నేను.

గౌరీదేవికి కబురొచ్చి బిర్సానగర్ వెళ్ళవలసి వచ్చింది. పంతులు చెప్పిన వేళ దాటిపోతోంది. తలకి పోయకుండా పథ్యం పెట్టకూడదు. మనిషి చూస్తే ఎండిపోయి ఉంది, జ్వరం తగ్గినా నీరసానికి తెలివి లేదు. తలుపు వేసి నేనే పోశాను. నాకు తెలిసింది డ్యూటీ బట్టలు ఉతకడమే. రోలింగ్ మిల్లులో అంత గ్రీజు వదిలించిన సబ్బు మంచిదే కదా అనుకున్నాను. వేడినీళ్ళలో సోడా వేశాను. జుట్టంతా నెత్తిన పోగుచేసి రెండు చేతులా రుద్దాను. తర్వాత ప్యాంటు పిండినట్టు మెలితిప్పి పిండాను. తువ్వాలు గట్టిగా కట్టాను. శుభ్రంగా పోశాననుకున్నాను.

మర్నాడు ఆడవాళ్ళూ మగవాళ్ళూ అంతా చేరి చూస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు. పెళ్ళాం తల రుద్దాడంట అని గౌరీదేవి భర్త భీమారావు షిఫ్టు బస్సులో చెబితే టెల్కో కాలనీ దాకా నవ్వుకుంటారు. అదొక సిగ్గు. ఇంత చేసిపెట్టానని ఇంకొక సిగ్గు. ఆమె గౌరీదేవి పోసిందనుకుంది, గౌరీదేవి ఆమే పోసుకుందనుకుంది. మధ్యలో నేను ఊరుకున్నాను.

ఇప్పుడు ఎవరూ పోయని తలంటు అయిపోయింది. కాబట్టి అమ్మవారే పోసిందని మీ అత్త అప్పలసూరికి కబురు పెట్టింది. అతనికి కూడా ఇప్పుడు అనుమానం లేదు. శివరాత్రి వెళ్ళిన మంగళవారం పాక దగ్గర ఆ జడకి వేపాకు, పసుపుతాడు కడతాడట. కట్టాక ఇక విప్పకూడదు. ఆమె అమ్మవారి మనిషి అవుతుంది. పాకలోనే ఉండాలి. ఇంట్లో వండింది తినకూడదు. నా చేతి నీళ్ళు కూడా తాగకూడదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

కత్తెర మాట ఎత్తకు. భర్త బతికుండగా జుట్టు తీయించుకోనని మీ అత్త నీ ఉత్తరం విన్నప్పుడే అంది. కత్తిరించకుండా విప్పే దారి ఉంటే రాయి. ఈసారి కవరు మీద నా పేరే పెట్టు.

జవాబు తొందరగా రాయాలి.

తవిటయ్య


హైదరాబాదు
1-2-1982

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. నీమీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఏ పాపం ఎరుగని మనిషి మీద నింద వేసింది నేను. "గౌరీదేవి పిన్నే అయి ఉంటుంది" అని ఎంత ధైర్యంగా రాశానో. లేబొరేటరీలో అయితే పరీక్ష చేయకుండా ఒక్క అంకె కూడా వేయను. ఆమె నోటితోనే ఆ మాట చదివించాను. ఇందులో ఆమెకి వేరే కాగితం పెట్టాను, క్షమించమని. మరిచిపోకుండా ఇవ్వు.

జుట్టు విప్పవచ్చు. ఓపిక కావాలి. పార్సిల్‌లో ఒక సీసా, ఒక స్వెట్టర్ అల్లే సూది పంపుతున్నాను. సీసాలో తెల్లటి క్రీము ఉంటుంది. ఇది సబ్బు కాదు, మురికి తీయదు. నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. తడి వెంట్రుక మీద కొద్దిగా విద్యుత్తు ఉంటుంది, ఒక రకంది. ఈ క్రీములో ఉన్న పదార్థం తల మీద దానికి ఎదురు రకం విద్యుత్తు ఉంటుంది. ఎదురు రకాలు రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అందుకని దీని తల వెళ్ళి వెంట్రుకకి అంటుకుంటుంది, జిడ్డుతోక బయటికి ఉంటుంది. వెంట్రుక ఎక్కడ ఎక్కువ దెబ్బతింటే అక్కడ ఎక్కువ అంటుకుంటుంది. అలా వెంట్రుకంతా తోకలు పరుచుకుంటే, ఒకటి ఇంకొకదాని మీద జారుతుంది. సోడాతో పోయిన జారుడుని తిరిగి అరువిచ్చినట్టు.

చేయవలసిన పద్ధతి ఇది. పంపునీళ్ళతో ముద్ద తడిపి, క్రీము పట్టించి నానబెట్టాలి. సూదిమొనతో ముద్ద కింది అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పాయా బయటికి తీయాలి. పైనుంచి లాగితే ఇంకా బిగుస్తుంది. రోజుకి వేలెడు వస్తే గొప్ప. వారాలు పడుతుంది. కొంత రాకపోవచ్చు కూడా.

ఇదంతా చేతికి సంబంధించింది. రెండోది నోటికి సంబంధించింది. అది చేయడానికి నా దగ్గర క్రీము లేదు. అత్త నా మొక్కు కోసం, నా పరీక్ష కోసం తను తప్పు చేశాననుకొని తిండి మానేసింది. ఆమె చేయని తప్పు అది. ఆ మంగళవారం లోపల నువ్వే చెప్పాలి. ఒక్క ముక్క చాలు మావయ్యా, నువ్వు ఎలాగూ ఎక్కువ మాట్లాడవు.

నీ
పద్మ


భుయ్యాడీహ్
9-2-1982

అమ్మా పద్మా,

పార్సిల్ అందింది. సీసా పగలలేదు. మల్లెపూల వాసన వస్తోంది. మీ అత్త వాసన పట్టి ఏటది అంది. నీ మందు అన్నాను. అమ్మోరి జడకి మందేటి అని ముఖం తిప్పుకుంది. ముట్టుకోనివ్వడం లేదు.

ఇంకా చెప్పలేదు. నోటిదాకా వస్తుంది. ఆమె నా వైపు చూస్తుంది. అప్పుడు వేరే మాట వస్తుంది. నిన్న ఇలాగే వచ్చి, బొగ్గులు అయిపోయాయి అన్నాను. అయిపోలేదు.

గౌరీదేవికి నువ్వు రాసిన కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. అది చదివితే నేను పోశానని తెలిసిపోతుంది. ఇద్దామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. భీమారావు వచ్చి, "ఏటి మావా, టైము ఎంతయింది అడగడానికొచ్చినావా" అన్నాడు. అవునన్నాను.

నీ మందు పనిచేస్తుందో లేదో ముందు చూద్దామని ఒక పని చేశాను. మీ అత్త సవరం పెట్టెలో ఉంది, దువ్వెనకి వచ్చిన జుట్టంతా ఏళ్ళతరబడి దాచి కట్టించుకున్నది. దాన్ని అదే సబ్బు, అదే సోడా వేసి, ఆ రోజు రుద్దినట్టే రుద్దాను. అచ్చం అలాగే ముద్ద కట్టింది. అప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. అంతవరకు ఏ మూలో అమ్మవారు కూడా ఉందేమో అనుకుంటూ ఉన్నాను. దాని మీద నీ మందు రాశాను. పాలు విరిగినట్టు విరిగిపోయింది. ఒక్క వెంట్రుక రాలేదు. ఎందుకో రాయి. సవరం కూడా పాడయింది. సంచిలో పెట్టి మంచం కింద దాచాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ అత్త మధ్యాహ్నం గట్టిగా నిద్రపోతుంది. ఆ నిద్రలో మందు రాసి, సూదితో కొంచెం కొంచెం తీసేస్తే ఎలా ఉంటుంది? మంగళవారానికి విడిపోతే అమ్మవారే వదిలేసింది అనుకుంటుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు.

వెంటనే జవాబు రాయి.

తవిటయ్య


హైదరాబాదు
15-2-1982
(ఎక్స్‌ప్రెస్ డెలివరీ)

మావయ్యా,

క్రీము విరగడానికి కారణం, సవరానికి ముందు పట్టించిన సబ్బు పూర్తిగా కడగలేదు నువ్వు. వెంట్రుకదీ క్రీముదీ ఎదురు రకాలని రాశాను కదా, సబ్బుది కూడా వెంట్రుక రకమే. సబ్బు మిగిలి ఉంటే క్రీము వెంట్రుక దాకా వెళ్ళకుండా దాన్నే పట్టుకుంటుంది, రెండూ కలిసి పెరుగుముక్కల్లా తేలతాయి. అత్త తలలో కూడా పాత మడ్డి ఉంటుంది. ముందు నిమ్మరసం పిండిన పంపునీళ్ళు నాలుగుసార్లు మెల్లగా పోయాలి, రుద్దకూడదు. తర్వాత క్రీము.

రెండో ప్రశ్నకి జవాబు, వద్దు. ఆమె తెలివిలో లేనప్పుడు ఒకసారి కడిగావు. తెలివిలో లేనప్పుడే విప్పుదామనుకుంటున్నావా? ఆ తల ఎవరిది మావయ్యా?

చిన్నప్పుడు నీ టిఫిన్ క్యారేజీ గిన్నె నేను పోగొట్టి చెప్పకుండా ఏడుస్తుంటే, "సెప్పీసి ఏడు" అన్నావు. అప్పటినుంచి నేను అలాగే చేస్తున్నాను.

పద్మ


భుయ్యాడీహ్
6-3-1982

అమ్మా పద్మా,

ఇంత పెద్ద ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. వంకరగా ఉన్న చోట ఓపిక పట్టు. వేళ్ళు నూనె, మందు పట్టి జారుతున్నాయి.

నీ ఎక్స్‌ప్రెస్ సోమవారం అందింది. ఆ రోజు కూడా చెప్పలేదు. మంగళవారం పొద్దున్నే మీ అత్త పసుపుచీర కట్టుకొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నదివైపు నడిచింది. వెనకాల ఆడవాళ్ళు. సువర్ణరేఖలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, రాళ్ళన్నీ బయటపడ్డాయి. నేను మంచం కింద సంచి తీసుకొని అందరి వెనకాల నడిచాను. గౌరీదేవి కూడా వచ్చింది గానీ దూరంగా నిలబడింది.

మీ అత్తని పాక ముందు కూర్చోబెట్టారు. అప్పలసూరి పసుపుతాడు పళ్ళెంలోంచి తీశాడు. ఒంటిపూట తిండితో ఆమె మెడ ఆ ముద్దని మొయ్యలేక ఒక పక్కకి వాలిపోయి ఉంది. అది చూశాను. ఆపమన్నాను. నా గొంతు ఎవరికీ వినిపించలేదు. ఇంకోసారి అన్నాను.

"ఏటంటన్నావు మావా?" అన్నాడు అప్పలసూరి.

"ఆ తల ఉతికింది నాను" అన్నాను.

పోసింది అనవలసింది. ఉతికింది అని వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. సంచిలోంచి సవరం తీసి పట్టుకున్నాను. ఇదీ నేనే ఉతికాను, ఇదీ అలాగే అయింది అన్నాను. అంతే చెప్పగలిగాను.

భీమారావు ముందుకొచ్చి రెండు ముద్దలూ మార్చి మార్చి చూశాడు. "అయితే మా గేదె తోక కూడా తవిటయ్య మావ చేతికి ఇయ్యండిరా. ఈ బస్తీకి ఇంకో అమ్మోరు తయారవుద్ది" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. నేను భయపడిన నవ్వు అదే. వచ్చింది, పోయింది.

అప్పలసూరికి మాట పోగొట్టుకోవడం ఇష్టం లేదు. సవరం కూడా చిలకమ్మ జుట్టే కదా, ఆమె మీద ఉన్న తల్లి దాని మీదికీ వచ్చి ఉంటుందన్నాడు. అప్పుడు గౌరీదేవి జనంలోంచి వచ్చి సవరం నా చేతిలోంచి తీసుకుంది.

"ఇందులో సగం నా జుత్తు, సూరన్నా. వదినకి సాలకపోతే నాను ఇచ్చినాను. మరి నా నెత్తి మీదికి రాలేదేటి తల్లి?" అంది.

అతను కాసేపు తాడు చూసుకొని పళ్ళెంలో పెట్టేశాడు.

మీ అత్త అప్పటిదాకా తల ఎత్తలేదు. ఎత్తి నన్ను చూడలేదు, సవరం చూసింది.

"సవరం కూడా పాడుసేసినావేటి?" అంది.

లేచి ఇంటికి నడిచింది. నేను వెనకాలే. ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించింది. వండింది. నాకు పెట్టింది. తనూ తింది. రాత్రికి మళ్ళీ తింది. కానీ నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా లేదు. గిన్నె నా ముందు పెట్టేటప్పుడు చప్పుడు మాత్రం కొంచెం ఎక్కువ.

నీ కాగితం గౌరీదేవికి ఇచ్చాను. విప్పి చూసి, "నలిగి సీకిపోయింది. ఎన్నాళ్ళు మోసినావు అన్నియ్యా?" అంది. చదివి కళ్ళు తుడుచుకుంది. నీమీద కోపం లేదని రాయమంది. నామీద ఉందట. గంజిగిన్నె మాత్రం తీసుకెళ్ళింది.

అలా వారం దగ్గర పడ్డాక ఒక పొద్దున్న మీ అత్త పీట పట్టుకెళ్ళి వీధిగుమ్మం బయట ఎండలో వేసింది. చెంబుతో పంపునీళ్ళు, నిమ్మకాయ, నీ సీసా, సూది అన్నీ పక్కన పెట్టుకుంది. గౌరీదేవిని పిలుస్తుందనుకున్నాను. నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నువ్వే కట్టినావు. నువ్వే ఇప్పు" అంది.

లోపల కూర్చుందాం అన్నాను.

"లోపల సీకటి" అంది.

నాకు తెలుసు, లోపల అంత చీకటి లేదు. తలుపు వేసి చేసిన పని తలుపు తీసి విప్పమంటోంది. కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే కింద నుంచి మొదలుపెట్టాను. మొదటి రోజు సూది రెండుసార్లు ఆమె మెడకి తగిలింది. ఆమె అరవలేదు, "నా మెడ ఇనప ముక్క కాదు" అంది. నైట్ షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళు ఆపి చూశారు. నేను తల ఎత్తలేదు. ఒకడు గంట కొట్టాడు. ఇంకొకడు హిందీలో ఏదో అన్నాడు. మీ అత్త అతనికి హిందీలోనే అంతకంటే పెద్దది తగిలించింది. నాకు నవ్వు వచ్చింది. ఆమె భుజాలు కూడా కదిలాయి, నవ్విందో లేదో వెనకనుంచి తెలియలేదు.

రోజూ కూర్చుంటున్నాం. ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు. మొదటి పాయ విడిపోయి నా చేతిలోకి వచ్చినప్పుడు, అది నీళ్ళలో నానిన గడ్డిపోచలా మెత్తగా ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మీ అత్త జుట్టు ఎంత పొడుగో నేను ఎప్పుడూ కొలిచి చూడలేదు. పీట దాటి నేల మీద పడింది. సగం తెల్లబడింది, అది కూడా నాకు తెలియదు. పని చేస్తుంటే ఆమె మాట్లాడుతుంది, అటు తిరిగి ఉంటుంది కాబట్టి నేను కూడా జవాబు చెప్పగలుగుతున్నాను. నిన్న అడిగింది, ఆ రోజు నాను అమ్మా అమ్మా అని పిలిస్తే నువ్వేటన్నావు అని. ఏమీ అనలేదు, నీళ్ళు పోశాను అన్నాను. "నీళ్ళు మాత్రం ఎచ్చగా బాగున్నాయి" అంది.

సగానికి పైగా వచ్చింది. మెడ దగ్గర గుప్పెడు రావడం లేదు. అది కత్తిరించేద్దామా అంటే ఆలోచిస్తానంది. నువ్వు పంపిన చీర అమ్మవారికి పెట్టి వచ్చింది, మొక్కు మొక్కే కదా అంది. అప్పలసూరి వచ్చి తన గడ్డానికి నీ మందు కొంచెం అడిగాడు. ఇచ్చాం. అందువల్ల సీసా అడుగుకి వచ్చింది. ఇంకొకటి పంపు.

ముఖ్యమైన సంగతి ఇది. ఉగాది తలంటు నేను పోస్తాలే వదినా అని గౌరీదేవి అంటే, మీ అత్త సూదితో నన్ను చూపించింది. సాక్చీ నుంచి రీఠా తెచ్చాను. ముందుంచుకొని చూస్తున్నాను. గింజ తీసి కొట్టాలా, గింజతోనా? ఎన్ని కాయలు? నీళ్ళు ఎంత వేడి? రుద్దాలా, నిమరాలా? పిండకూడదని తెలుసు. మిగతావన్నీ వివరంగా రాయి. తప్పు చేసినా ఈసారి ఆమె తెలివిలో ఉండి చూస్తుంది.

ఉగాది దగ్గర పడుతోంది. ఆలస్యం చేయకుండా జవాబు రాయమ్మా.

మీ మావయ్య
తవిటయ్య